మూడో మేకు మీది ఇత్తడి బిల్ల

బాబూపేటలోని మా ఇంటికి ఇప్పుడు వచ్చేవాళ్ళలో చుట్టాలు తక్కువ, ఏవో వివరాలు రాసుకుపోయేవాళ్ళు ఎక్కువ. అందుకే ఆ రోజు పదకొండింటికి గేటు ముందు జీపు ఆగి, మొహమంతా స్కార్ఫు చుట్టుకున్న ఒక అమ్మాయి దిగితే, ఓటర్ల జాబితా కోసమో నల్లా కనెక్షన్ కోసమో అనుకుని ఆధార్ కార్డు తీసి చేతిలో పట్టుకున్నాను. ఆమె కార్డు వంక చూడనే లేదు. తన పేరు మృణాల్ అనీ, వరోరా నుంచి వస్తున్నాననీ, చంద్రపూర్ చుట్టుపక్కల పాత మోటారు బండ్ల చరిత్ర పోగుచేస్తున్నాననీ మరాఠీలో చెప్పింది. మా ఊళ్ళో చరిత్ర అంటే గోండు రాజుల దగ్గర మొదలై కోట గోడల దగ్గరే ఆగిపోతుంది. కార్లకు కూడా చరిత్ర ఉంటుందనీ, దానికోసం ఒక మనిషి ఈ ఎండలో పడి తిరుగుతుందనీ నాకు ఎన్నడూ తట్టలేదు.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక ఆమె ఫోన్లో ఒక ఫోటో చూపించింది. టాపు గుడ్డ వెనక్కి మడిచిన కారు, ముందు అద్దం లేదు. దాని పక్కన, దుమ్ము ఆపే పెద్ద కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, మెడలో పూలదండతో, చేతిలో కప్పుతో ఒక లావుపాటి మనిషి. టేకు కలప కంత్రాట్లు చేసిన సేఠు. గుర్తుపట్టడానికి నాకు రెప్పపాటు కూడా పట్టలేదు. బజార్లో ఆయన దుకాణం గోడ మీద ఈ ఫోటోనే అగరుబత్తీల పొగలో చాలా ఏళ్ళు వేలాడింది. గని దగ్గర మొరం రోడ్డు మీద ఒకప్పుడు జరిగిన కార్ల రేసులో గెలిచిన బండి ఇదేననీ, తను రాస్తున్న పుస్తకంలో గెలిచినవాడిగా సేఠు పేరే వేస్తున్నాననీ మృణాల్ చెప్పింది. "కానీ భద్రావతిలో ఒక తాత, బండి నడిపింది సేఠు కాదు, ఎవరో తెలుగు ఫిట్టరు అన్నాడు. పేరు గుర్తులేదట. మీ నాన్నగారు గనిలో ఫిట్టరే కదా మావశీ, మీకేమైనా తెలుసా?" అంది, పిన్నీ అన్నట్టు.

నాకు తెలియదన్నాను. డెబ్భై దాటాక ఆ మాట చాలా సులువుగా వస్తుంది, ఎదుటివాళ్ళు సులువుగా నమ్ముతారు కూడా. చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గరే నిలబడ్డాను.

మా నాన్నను మేం బాపు అనేవాళ్ళం. పేరు శాంతయ్య. గని లోపల ఊటనీళ్ళు తోడే పంపులు బాగుచేసే ఫిట్టరు. అయితే ఆయనను శాంతయ్య అని పిలిచింది పాస్టరుగారొక్కరే. గనిలో, కాలనీలో, కిరాణా కొట్టులో కూడా ఆయన దోసౌచౌదా. అంటే రెండువందల పద్నాలుగు, ఆయన బిల్ల నంబరు. గనిలో దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిల్ల ఒకటి ఉండేది. దిగేముందు దాన్ని హాజరీ గది ముందున్న చెక్క మీద మేకుకు తగిలించాలి. పైకి వచ్చాక ఎవరి బిల్ల వాళ్ళే తీసుకోవాలి, ఇంకొకరు ముట్టకూడదు. మేకుకు బిల్ల ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. లోపల కప్పు కూలిందని తెలిస్తే ఆడవాళ్ళు గని మొగదలకు పరుగెత్తరు, ఆ చెక్క ముందుకు వచ్చి నిలబడతారు. మా అమ్మ అక్షరాలు రానిది. కానీ రెండు, ఒకటి, నాలుగు అంకెలు పక్కపక్కన ఉంటే ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టేది.

ఇంట్లో బాపు వస్తువులన్నింటి మీదా ఆ నంబరే. తువ్వాలు అంచున అమ్మ ఎర్రదారంతో కుట్టింది. టిఫిన్ డబ్బా మూత మీద ఆయనే ఉలితో కొట్టుకున్నాడు. డ్యూటీ దిగే వేళకు భోంగా, అంటే గని సైరను, మోగిన అరగంటకు ఆయన ఇంటికి చేరేవాడు. లోపలికి రాకుండా దర్వాజ చెక్క మీద బిల్లతో రెండుసార్లు టక్ టక్‌మని కొట్టేవాడు. అది విని అమ్మ పొయ్యి మీది వేణ్ణీళ్ళ గుండిగ దించేది. ఆయన పెరట్లో కూర్చుని ముందు కిరసనాయిలుతో, తరవాత రంపపు పొట్టుతో, ఆఖరికి బట్టల సబ్బుతో చేతులు కడుక్కునేవాడు. మూడు వాసనలూ ఆయన వెంటే ఇంట్లోకి వచ్చేవి. ఇప్పటికీ పెట్రోలు బంకు దగ్గర ఆటో ఆగితే నాకు అన్నం వడ్డించే వేళ అయినట్టే ఉంటుంది. డాక్టరుకు చెబితే నవ్వుతాడని చెప్పలేదు.

సేఠు కారు మా ఇంటి ముందుకు రావడం ఆదివారాల్లో మొదలైంది. ఆ రోజుల్లో ఊరు మొత్తానికి కార్లు వేళ్ళ మీద చెప్పచ్చు. వాటికి జబ్బు చేస్తే నాగపూర్ పంపాలి, లేదా గని ఫిట్టర్లను బతిమాలుకోవాలి. పంపు ఇంజను తెలిసినవాడికి కారు ఇంజను తెలియకపోదని సేఠు నమ్మకం. బాపు ఒక కర్రముక్క కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుని వినేవాడు.  తరవాత పానా అందుకుని, సరిగ్గా ఎక్కడ చెడిందో అక్కడే విప్పేవాడు. ఇప్పుడు మా వీధిలో ప్రతి గేటు ముందూ ఒక కారుంది. పక్కింటాయన కారు మొన్న మొరాయిస్తే ఒక కుర్రాడు వచ్చి వైరు గుచ్చి తెర మీద ఏదో చదివి వెళ్ళాడు, బానెట్ లోపలికి తల వంచనైనా లేదు. బండి బాగుపడింది. కాదనడానికి ఏమీ లేదు.

రేసు పెడుతున్నారని తెలిశాక సేఠు ఆ కారును పూర్తిగా మాకు అప్పగించాడు. బరువు తగ్గించాలని బాపు ముందు అద్దం, వెనక సీటు, మట్టిరేకులు విప్పి మా వరండాలో పెట్టాడు. వెనక సీటు తోలుది, మెత్తనిది. అమ్మ దాని మీద కూర్చోలేదు. ఒకరి సొత్తు అంటూ రోజూ తడిగుడ్డతో తుడిచేది. కానీ పాస్టరుగారు ప్రార్థనకు వస్తే మాత్రం కుర్చీ జరిపేసి ఆయనను దాని మీదే కూర్చోబెట్టింది. ఆయన ప్రార్థన మధ్యలో స్ప్రింగు కిర్రుమంటే నేను నవ్వాను, తరవాత తొడపాశం తిన్నాను. పెట్రోలు వడపోయడానికి అమ్మ పాత నూలుచీర చింపి ఇచ్చింది. తిడుతూనే ఇచ్చింది.

రేసు జరిగింది గని దగ్గర నుంచి రైల్వే సైడింగు దాకా పోయి వచ్చే మొరం రోడ్డు మీద, మూడు చుట్లు. బండ్లు అయిదు. ఏర్పాట్లన్నీ గనివాళ్ళవి కాబట్టి గని పద్ధతే పెట్టారు. వడ్రంగి ఒక చెక్క చేసి అయిదు మేకులు కొట్టాడు. ఒక్కో మేకు పైన ఒక్కో బండి యజమాని పేరు రంగుతో రాశారు. బండి తీసుకుపోయేవాడు మేకుకు బిల్ల తగిలించి పోవాలి, తిరిగొచ్చి తీసుకోవాలి. ఆఖరి బిల్ల దిగేదాకా రోడ్డు మీదికి మనుషుల్ని గాని పశువుల్ని గాని వదలరు. నడిపేవాళ్ళు గని మనుషులు కారు కాబట్టి వాళ్ళకోసం రేకు బిల్లలు కత్తిరించి పంచారు. ఇవన్నీ బాపు చెప్పగా విన్నవే. మేం చూడలేదు. ఆ ఆదివారం గుడిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన ఉంది. అమ్మా నేనూ గుడికి వెళ్ళాం. బాపు రాకపోవడం మా అమ్మ జీవితంలో మొదటిసారి చూసింది. పాట పాడుతున్నంతసేపూ తలుపు వైపే చూసింది.

ఆయన సాయంత్రం నడిచి వచ్చాడు. కళ్ళు, పళ్ళు తప్ప మనిషి మొత్తం బొగ్గుధూళి. దర్వాజ మీద కొట్టలేదు. పెరట్లో కూర్చుని, నీళ్ళు ముట్టకుండా, అమ్మకూ నాకూ చెప్పాడు. పొద్దున సేఠు బండి ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, కడుపు నొస్తోందని దిగిపోయాడట. చెట్ల చాటుకు పిలిచి తన కళ్ళద్దాలు బాపుకు పెట్టి, నువ్వే నడుపు, ఎవరికీ చెప్పకు అని చేతులు పట్టుకున్నాడట. "బిల్ల ఏదని అడిగిన్రు. సేఠు రేకు బిల్ల సేఠు జేబులనే ఉన్నది. నా చెయ్యి దానంతట అదే జేబులకు పోయింది. ఇన్నేండ్ల అలవాటు గద. నా బిల్లనే తగిలిచ్చి పోయిన" అన్నాడు.

సైడింగు దగ్గరి మలుపు గురించి చెప్పేటప్పుడు ఆయన చేతులు గాలిలో తిరిగాయి. అక్కడ వ్యాగన్ల నుంచి రాలిన బొగ్గుపొడి జానెడు మందం ఉంటుందనీ, అందరూ బ్రేకు తొక్కి జారిపోయారనీ, తను బ్రేకు ముట్టకుండా కాలు ఎత్తేసి బండిని దాని మానాన పోనిచ్చాననీ చెప్పాడు. మొదట వచ్చాడు. రాగానే సేఠు మనుషులు ఆయనను దింపి, కళ్ళద్దాలు తీసుకుని, సైడింగు దారిన ఇంటికి పొమ్మన్నారు. ఫోటో సంగతి తరవాత తెలిసింది. సగం దూరం వచ్చాక బిల్ల గుర్తొచ్చింది. వెనక్కి పోతే సేఠుకు ఇచ్చిన మాట పోతుంది. పైగా ఆ రోజు పంపులకు ఏమైనా అయితే పిలుపు అందుకోవలసిన డ్యూటీ ఆయనదే. ఇల్లు వదిలి రేసులో ఉన్నాడని తెలిస్తే పని పోతుంది. బండ్లన్నీ తిరిగొచ్చాయి గనక మిగిలిన బిల్లను ఎవరూ పట్టించుకోలేదనీ, చెక్కను గని ఆఫీసర్ల క్లబ్బు గోదాములో పెట్టి తాళం వేశారనీ మరునాడు విన్నాడు. హాజరీ గదిలో మాత్రం, పంపు బిగిస్తుంటే బిల్ల జారి సంపులో పడిందని రాసిచ్చాడు. సంపు అంటే గని అడుగున నీళ్ళు చేరే గుంట, అందులో పడినది దొరకదు. కొత్త బిల్ల ఇచ్చారు. నంబరు మూడువందల తొంభై ఒకటి.

అమ్మ తువ్వాళ్ళ మీది ఎర్రదారం విప్పి కొత్త అంకెలు కుట్టింది. పాత సూది రంధ్రాలు ఎన్ని ఉతుకులకూ పోలేదు. గనిలో జనం కొన్నాళ్ళు పాత నంబరుతోనే పిలిచారు. తరవాత ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వకపోయినా పిలవడం మానేశారు. బాపు కొత్త బిల్లతో దర్వాజ మీద కొట్టేవాడు. మోతలో తేడా లేదు.

ఇక నేను చేసిన పని. బడిలో టీచరు తండ్రి గురించి నాలుగు మాటలు చెప్పమంటే, నేను లేచి మా నాన్న రేసు గెలిచాడని చెప్పాను. క్లాసు గొల్లుమంది. కప్పు పట్టుకున్న సేఠు ఫోటో బజార్లో అందరూ చూసిందే. టీచరు కోప్పడలేదు. ఇంట్లో విన్నవన్నీ బడిలో చెప్పకూడదమ్మా అని మెత్తగా అంది. ఆ మెత్తదనమే నాకు ఎక్కువ తగిలింది. ఇంటికి వచ్చేసరికి వరండాలో బాపు, పాస్టరుగారు, మా గుడికే వచ్చే హాజరీ బాబు కూర్చుని చాయ్ తాగుతున్నారు. సంచీ భుజం మీద నుంచి దించకుండానే అడిగాను. "బాపూ, నీ బిల్ల సంపుల పడ్డదా, రేసు బోర్డు మీద ఉన్నదా?"

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. హాజరీ బాబు ఆయన మొహంలోకే చూస్తున్నాడు. "సంపుల పడ్డది బిడ్డా" అన్నాడు.

"అయితే రేసు అబద్ధం. నువ్వు అబద్ధాలకోరువి" అన్నాను.

అమ్మ లోపలి నుంచి వచ్చి నన్ను రెక్క పట్టి ఈడ్చుకుపోయింది. కొట్టింది.  మరునాడు బాపు డ్యూటీ దిగి వచ్చి చప్పుడు చేయకుండా పెరట్లోకి పోయాడు. వేణ్ణీళ్ళు పొయ్యి మీదే మరిగిపోయాయి. ఆ తరవాత ఆయన దర్వాజ మీద ఎన్నడూ కొట్టలేదు, రేసు మాట ఎత్తలేదు. కొన్నాళ్ళకు సేఠు కారును కూడా వేరే ఫిట్టరు దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు.

నేను మరాఠీ బడిలో పంతులమ్మనయ్యాను. హాజరీ పట్టీలో నేను కూడా ఒకటి రెండు అబద్ధాలు రాయవలసి వచ్చాక, ఆ రోజు వరండాలో ఎవరెవరు కూర్చున్నారో గుర్తొచ్చింది. హాజరీ బాబు ఎదుట బాపు వేరే జవాబు ఎట్లా చెబుతాడు? అంతవరకు అర్థమైంది. కానీ అర్థం కావడం వేరు, నమ్మడం వేరు. గని కాగితం మీద సంపు అని ఉంది, సేఠు గోడ మీద ఫోటో ఉంది. బాపు పక్కన బాపు మాట తప్ప ఏమీ లేదు. ఆయన పోయేముందు నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. రోజూ అన్నం తినిపించాను, తల దువ్వాను, గుడిలో చదవడం నేర్చిన తెలుగుతో వాక్యం చదివి వినిపించాను. ఒక్కసారి అడిగి ఉండచ్చు. అడగలేదు. తీరిక లేక కాదు. అబద్ధమని తేలితే ఆయన ముందు కూర్చోలేనని ఒక భయం, నిజమని తేలితే అసలే కూర్చోలేనని ఇంకో భయం.

చాయ్ తీసుకుని హాల్లోకి వచ్చేసరికి మృణాల్ జీపులో నుంచి గోనెసంచీ చుట్టిన వస్తువు ఒకటి తెచ్చి దివాను మీద పెట్టి ఉంచింది. పాత క్లబ్బు గోదాము కూల్చేస్తుంటే పాత సామాను కొనే భంగారువాళ్ళ దగ్గర దొరికిందట. గనిలో లాంతర్లు తగిలించేదేమో, రేసుకూ దీనికీ సంబంధం ఉందో లేదో చెప్పేవాళ్ళు లేక ఊరూరా తిప్పుతున్నానంది. గోనె విప్పింది. చెదలు ఒక మూల తిన్న టేకు చెక్క. అయిదు మేకులు. పైన సగం రాలిన మరాఠీ అక్షరాల్లో పేర్లు. నాలుగు మేకులు ఖాళీ. మూడో మేకు పైన సేఠు పేరు, కింద చిలుము పట్టి పచ్చబారిన ఇత్తడి బిల్ల. "ఇదొక్కటే ఎందుకు మిగిలిందో అర్థం కాలేదు మావశీ. చిలుము గీకితే పాడవుతుందని నంబరు కూడా చదవలేదు" అంది.

నా కళ్ళకు దగ్గరివి ఆనవు. కళ్ళద్దాల కోసం వెతకలేదు. బొటనవేలితో తడిమాను. రెండు. ఒకటి. నాలుగు.

వంటింట్లోకి పోయి పెరుగు గిన్నె మీది మూత తీసి, కడిగి తెచ్చి చెక్క పక్కన పెట్టాను. బాపు టిఫిన్ డబ్బా మూత అది, డబ్బా ఎప్పుడో పోయింది. ఉలితో కొట్టిన 214, దాన్ని అడ్డంగా కొట్టేసి కింద 391. మృణాల్ మూత వంకా బిల్ల వంకా మార్చి మార్చి చూసింది. అప్పుడు చెప్పాను, సేఠు కడుపునొప్పి నుంచి సంపు దాకా, నేను అన్న మాటతో సహా. ఆమె రాసుకోవడం మధ్యలో ఆపేసింది. మూడో మేకుకు ఎవరి బిల్ల వేలాడితే ఆ బండి వాళ్ళు తీసుకుపోయినట్టే కదా అని అడిగింది. అంతే అన్నాను. గనిలో దానికి తిరుగులేదు. పుస్తకంలో ఫోటో కింద పేరు మారుస్తాను, చెప్పండి అంది. శాంతయ్య, పంపు ఫిట్టరు అని చెప్పాను.  

ఇప్పుడు గనులన్నీ పైకప్పు లేని బాహాట గోతులు. హాజరీకి యంత్రం ముందు మొహం చూపిస్తే చాలట. మొహం ఇంట్లో మరిచిపోయి రావడానికి గాని, మేకుకు వదిలేసి రావడానికి గాని వీల్లేదు. మంచిదే. ఎవరూ అబద్ధం రాసివ్వనక్కర లేదు. బాపులాంటివాడు ఇప్పుడుంటే ఫోటో తీసేవాళ్ళు వందమంది ఉండేవాళ్ళు, ఆయన మాటను ఆయన కూతురు నమ్మాలా వద్దా అన్న ప్రశ్నే వచ్చేది కాదు. ఆ ప్రశ్న వచ్చింది గనక చెబుతున్నాను, నేను తప్పు జవాబు రాశాను.

మృణాల్, బిల్ల మీ ఇంటిది, మీరు ఉంచుకోండి మావశీ, నా దగ్గర ఫోటోలున్నాయి అంది. మనస్ఫూర్తిగానే అంది గాని, ఆమె చెయ్యి మాత్రం చెక్క అంచును వదలలేదు. నేను మేకు నుంచి బిల్ల తీశాను. ఇంకొకరి బిల్ల ముట్టడం అదే మొదటిసారి. అనుకున్నంత బరువు లేదు. దాన్ని పట్టుకుని వీధి గుమ్మం దగ్గరికి నడిచాను. ఇది అప్పటి క్వార్టరు కాదు, ఆ దర్వాజా కాదు. అయినా చెక్క మీద రెండుసార్లు కొట్టాను. లోపల గుండిగ దించేవాళ్ళు లేరు.

"నువ్వు చెప్పిందే నిజం బాపూ. నేనే తప్పు మాటన్న" అన్నాను.

మృణాల్‌కు తెలుగు రాదు. ఏమన్నారని అడగలేదు. నేను వెనక్కి వచ్చి బిల్లను మళ్ళీ మూడో మేకుకు, సేఠు పేరు కిందనే తగిలించాను. అక్కడుంటేనే నలుగురూ చూస్తారు.